మూడో రాత్రి కథ

మా అత్తగారికి ఎనభై నాలుగేళ్ళు. ఆవిడకు తెలియని సంగతంటూ మా ఇంట్లో లేదు. ఉప్పు డబ్బాలో ఉప్పు ఎన్నాళ్ళకు వస్తుందో, మావారి పింఛనులో ఎంత నా చేతికి రాకుండానే ఖర్చయిపోతోందో, పక్క వాటాలో వాళ్ళ కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో అన్నీ ఆవిడకు కంఠోపాఠం. తెలియనిదల్లా ఒకే ఒక్కటి. బొబ్బిలి కథలో మూడో రాత్రి ఏం జరిగిందో ఆవిడకు తెలియదు. తెలియదనడం కన్నా, ఎవరూ చెప్పలేదనడం న్యాయం.

మీరు నవ్వుతారు. బొబ్బిలికి కూతవేటు దూరంలో పుట్టిన మనిషికి బొబ్బిలి కథ తెలియకపోవడమేమిటని నేనూ నవ్వాను. అది బయటపడిన వైనం ఇది.

మొన్న సంక్రాంతి వెళ్ళిన ఆదివారం టీవీలో పాత 'బొబ్బిలి యుద్ధం' వేశారు. 1964 నాటి సినిమా. రామారావు రంగారాయుడు, ఎస్.వి. రంగారావు తాండ్ర పాపారాయుడు, భానుమతి మల్లమ్మదేవి. 'అత్తగారి కథలు' రాసిన భానుమతి కదా అని నేనావిణ్ణి కాస్త ఎక్కువ భక్తితోనే చూస్తాను. అత్తగారు కూడా కళ్ళజోడు తుడుచుకుని మరీ కూర్చున్నారు. తీరా కోటమీద ఫిరంగులు పేలే ఘట్టం రాగానే, ఎవరో తరిమినట్టు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

"అదేమిటి అత్తయ్యగారూ, అసలు ఘట్టం వస్తుంటే?" అన్నాను.

"అలవాటమ్మాయ్," అన్నారావిడ. "సినిమా కొత్తగా వచ్చినప్పుడూ ఇంతే. చంటి గుంటడు ఏడుస్తున్నాడని చెప్పీసి బయటికొచ్చీశాను. ఏడుపేటీ లేదు, ఆడు నిద్రపోతున్నాడు."

ఆ చంటి గుంటడు మావారే. ఆ మాట విని వార్తాపత్రిక అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు చెప్పుకొచ్చారావిడ. కోతలయ్యాక వాళ్ళ ఊరికి జంగాలు వచ్చేవారట. రచ్చబండ దగ్గర పెట్రోమాక్సు దీపం కట్టేవారు. కథకుడు తంబుర భుజాన వేసుకుని, వేళ్ళకు అందెలు తొడుక్కుని, చిందు తొక్కుతూ చెబుతుంటే, ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తూ తందాన పలికేవారు. బొబ్బిలి కథ మూడు రాత్రులు. మొదటి రాత్రి వెలమదొరల ఠీవి, విజయనగరంతో వైరం. రెండో రాత్రి ఫ్రెంచి బుస్సీ దండు కదిలి రావడం. మూడో రాత్రి కోట.

"రెండు రాత్రులూ ముందు వరసే మాది. మూడో రాత్రి సగం అయ్యీసరికి మా నాన్న లేచి కేకేసేవాడు, ఆడపిల్లలు ఇళ్ళకి పొండర్రా అని. మా తాతమ్మ మమ్మల్ని లోపలేసి గొళ్ళెం పెట్టీసేది. గుమ్మెట మోత వినిపించేది, మాట వినిపించేది కాదు. ఉన్నట్టుండి మోత ఆగిపోయేది. తెల్లారి తాతమ్మని అడిగితే, 'పెళ్ళయితే నీకే తెలుస్తుంది' అనేది."

"తెలిసిందా?"

"పెళ్ళయింది," అన్నారు మా అత్తగారు. అంతకన్న ఏమీ అనలేదు.

ఆవిడ కథ సగంలో ఆగి డెబ్భై అయిదేళ్ళయింది. నాకేమో సీరియల్ ఒక్కరోజు తప్పిపోతేనే నిద్రపట్టదు. ఎలాగైనా ఆ మూడో రాత్రి ఆవిడకు వినిపించాలని పంతం పట్టాను.

మేముండేది కోఠిలో. పాత పుస్తకం కావాలంటే మాకు బస్సు ఎక్కే పని లేదు, చెప్పులేసుకుంటే చాలు. మర్నాడు కూరలకని సంచీ పట్టుకుని బయల్దేరి ఫుట్‌పాత్ పుస్తకాల ముందు తేలాను. ఇంటర్ గైడ్ల కింద, పోటీపరీక్షల పుస్తకాల కింద, పాతాళభైరవి గుహలో వెతికినట్టు వెతికితే దొరికింది ఒక పల్చటి పుస్తకం. బొబ్బిలి కథ. బెల్లంరంగుకు తిరిగిన కాగితం. అట్టమీద వెల అణాల్లో ఉంది. కొట్టతను యాభై రూపాయలన్నాడు. నేను ఇరవై అన్నాను. ఇద్దరం ముప్ఫై దగ్గర కలుస్తామని ఇద్దరికీ తెలుసు. అయినా మర్యాద కోసం బేరమాడుకుంటున్నాం. ఇంతలో ఒక కుర్రవాడు రద్దీ తప్పించుకోడానికి స్కూటర్ని సరాసరి ఫుట్‌పాత్ మీదికే ఎక్కించాడు. పుస్తకాలతను లేచి, "క్యా రే, తుర్రంఖాన్ అనుకుంటున్నవా?" అని గదిమాడు. కుర్రవాడు దిగి తోసుకుంటూ పోయాడు.

ఈ మాట హైదరాబాదులో పుట్టిన వాళ్ళందరం ఉగ్గుపాలతో విన్నదే. క్లాసులో ఎదురు చెప్పిన పిల్ల తుర్రంఖాన్. అద్దె పెంచనని భీష్మించిన వాటాదారు తుర్రంఖాన్. ఆ మాటకు వెనక ఒక మనిషి ఉన్నాడని నాకు పెళ్ళీడు దాటాక గానీ తెలియలేదు. అదీ ఎక్కడి మనిషి? నేను నిలబడ్డ చోటికి నాలుగడుగుల దూరంలో పోరాడిన మనిషి.

కోఠి అంటే పెద్ద భవంతి. ఆ భవంతి ఇంగ్లీషు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ. 1949 నుంచి అందులో మహిళా కళాశాల. ముందు మెట్లకు రెండు పక్కలా రెండు సింహాలు. నేను ఆ సింహాల పక్కన కూర్చునే డిగ్రీ చదివాను. 1857 జులై 17 సాయంత్రం తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ సుమారు 500 మందితో ఈ రెసిడెన్సీ మీదికి వచ్చారు. ఢిల్లీ వైపు యుద్ధానికి పోనన్న జమాదారు చీదా ఖాన్ను ఇంగ్లీషు వాళ్ళకు అప్పగించారు, అతన్ని విడిపించాలని వచ్చారు. పుత్లీబౌలి వైపు గోడకెదురుగా ఉన్న రెండు షావుకార్ల ఇళ్ళెక్కి, రాత్రంతా రెసిడెన్సీ ఫిరంగులకు జవాబు చెప్పారు. తెల్లవారేలోగా వాళ్ళ బలం అయిపోయింది. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు, ద్వీపాంతర శిక్ష వేశారు, జైలు నుంచి తప్పించుకున్నాడు. చివరికి 1859 జనవరి 24న తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని తెచ్చి రెసిడెన్సీ దగ్గర జనమంతా చూసేలా వేలాడదీశారు.

జనవరి 24! బొబ్బిలి కోట పడింది కూడా జనవరి 24నే, 1757లో. నూట రెండేళ్ళ తేడా. అయితే ఒక తేడా మాత్రం చాలా పెద్దది. బొబ్బిలికి పెద్దాడ మల్లేశం కట్టాడని చెప్పే కథ ఉంది. దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' ఉంది. వేదం వెంకటరాయశాస్త్రిగారి నాటకం ఉంది. బుర్రకథ నాజర్ గొంతులో ఊరూరా మోగిన వైభవం ఉంది. తుర్రెబాజ్ ఖాన్‌కు కోఠిలో ఒక రోడ్డు పేరు దక్కింది, ఒక స్మారకం దక్కింది. ఆయన కథ చెబుతూ తంబుర మీటుకుని ఇంటింటికీ తిరిగిన వాడి గొంతు మాత్రం నా చెవిన ఎన్నడూ పడలేదు. వేళాకోళం మాటొక్కటే పడింది. పాట ఉన్నవాడు పులి అయ్యాడు, పాట లేనివాడు తిట్టయ్యాడు. మనిషి ఎంత గట్టిగా నిలబడ్డాడన్నది ఒకటే కాదు, వెనక కథ చెప్పేవాడు ఉన్నాడా లేదా అన్నది కూడా లెక్కలోకొస్తుంది కాబోలు.

ముప్ఫై రూపాయలిచ్చి పుస్తకం తెచ్చుకున్నాను. కూరలు మరిచిపోయాను. ఆ రాత్రి అందరికీ పచ్చిపులుసే.

మొదటి రోజు చదవడం మొదలెట్టానో లేదో, అత్తగారు స్టీలు డబ్బా మూత ఒళ్ళో పెట్టుకుని దరువు వేయడం మొదలెట్టారు. నేను చదివే తీరు ఆవిడకు నచ్చలేదు. "వార్తలు చదువుతున్నావేటమ్మా? ఊపిరి ఎక్కడ తీయాలో తెలీదా?" అని తనే అందుకున్నారు. పొద్దున మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండని మనిషి, తొమ్మిదేళ్ళప్పుడు విన్న చరణాలు నా పుస్తకానికి ముందే పరుగెత్తించారు. మావారు పత్రిక దించి వింటున్నారు.

రెండో రోజు దండు బయల్దేరింది. బుస్సీ బయల్దేరింది మన హైదరాబాదు నుంచేనని నేను నోరు జారాను. నిజమే మరి, 1756లో నిజాం సలాబత్ జంగ్‌తో తగవు వచ్చి ఇక్కడ చార్‌మహల్‌లో తిష్ఠవేసి తన మాట నెగ్గించుకున్నాకే ఉత్తర సర్కారుల దారి పట్టాడు. ఆవిడ దరువు ఆపి నావైపు చూశారు.

"అయితే ఆ ఫిరంగులు మీ పుట్టింటి వైపునుంచే వచ్చాయన్నమాట."

పెళ్ళయి నలభై ఏళ్ళయింది. కట్నం దగ్గరా, అప్పడాల దగ్గరా పడని మాట బొబ్బిలి దగ్గర పడవలసి వచ్చింది.

మూడో రోజు వంట పెందలాడే ముగించాను. వీధి తలుపు వేసి కూర్చున్నాం. కోట గోడలు అదురుతున్నాయి, దరువు జోరందుకుంది. పేజీ తిప్పాను. తరవాత పేజీ లేదు. వెనక అట్టతో సహా నాలుగాకులు ఎప్పుడో ఊడిపోయాయి.

నేను బిక్కచచ్చిపోయాను. ఆవిడ మూత పక్కన పెట్టి, "చూశావా? మా నాన్న ఇక్కడిదాకా వచ్చి కేకేశాడు," అన్నారు. నవ్వబోయారు గానీ నవ్వు సగంలో ఆగిపోయింది.

నాకు ఉక్రోషం వచ్చింది. మర్నాడు సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి వెళ్ళాను. నిజాం రాజ్యంలో తెలుగు చదివే చోటుకే కరువున్న రోజుల్లో, 1901లో పెట్టిన గ్రంథాలయం అది. మా ఇంటికి పది నిమిషాల నడక. అక్కడ ఒక చరిత్ర పుస్తకంలో, ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ బొబ్బిలి గురించి రాసినదాని సారాంశం దొరికింది. ఓర్మ్ పద్దెనిమిదో శతాబ్దపు మనిషి, యుద్ధం జరిగిన కాలంలోనే బతికిన వాడు. బుస్సీ వెంట 750 మంది ఐరోపా వాళ్ళూ నాలుగు ఫిరంగులూ ఉన్నాయంటాడు. విజయరామరాజు బలగం 11,000. కోటలో ఆయుధం పట్టగల వాళ్ళు 250. సరితూగే భూములు వేరేచోట ఇస్తాం, బొబ్బిలి వదిలి పొమ్మంటే రంగారాయుడు పోలేదు. తెల్లవారుజామున మొదలైన దాడి మధ్యాహ్నం దాకా సాగింది. ఇక నిలవలేమని తెలిశాక కోట లోపల ఏం జరిగిందో కూడా రాశాడు. అది చదివి కాసేపు ఆ కుర్చీలోనే కూర్చుండిపోయాను.

ఇంటికి వచ్చి మావారికి చెప్పాను. "ఎందుకే? ఇన్నాళ్ళూ వినకుండా హాయిగా ఉంది. ఈ వయసులో అమ్మకెందుకు అవన్నీ?" అన్నారు. అచ్చం వాళ్ళ తాతగారు రచ్చబండ దగ్గర లేచి నిలబడినట్టే ఉంది. ఆ మాట అనబోయి ఊరుకున్నాను. ఎందుకంటే నాకూ అలాగే అనిపించింది.

ఆ సాయంత్రం అత్తగారి దగ్గర కూర్చుని, "కోటలో అందరూ వీరస్వర్గం పొందారట అత్తయ్యగారూ. ఇక మూడో రాత్రి పాపారాయుడు రాజాం నుంచి వచ్చి..." అని గబగబా దాటించబోయాను.

"ఆగు," అన్నారావిడ. "నువ్వు కూడా గొళ్ళెం పెట్టకు."

ఇక దాచలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. శత్రువుల చేత పడకూడదని కోటలోని ఆడవాళ్ళనీ పిల్లల్నీ వాళ్ళ మగవాళ్ళే చంపేశారు. ఇళ్ళకు నిప్పు పెట్టారు, మంటల్లోంచి తప్పించుకోబోయిన వాళ్ళను కత్తులతో పొడిచారు. ఆ పని ముగించుకుని తిరిగి వెళ్ళి, రాజు పక్కన తామూ చచ్చిపోయారు. ఒక్కరూ లొంగలేదు.

చాలాసేపు ఆవిడ మాట్లాడలేదు. కింద సందులో అరటిపళ్ళ బండివాడి కేక వినిపిస్తోంది.

"మల్లమ్మని అడిగారా?" అన్నారు చివరికి.

"ఏమని?"

"చస్తావా అని. మిగతా వోళ్ళని అడిగారా? నీళ్ళు కాచే మనిషిని? బాలింతని?"

నా దగ్గర జవాబు లేదు. మనం చూసిన నాటకాల్లో, సినిమాల్లో మల్లమ్మ తన ఇష్టంతో, చిరునవ్వుతో పోతుంది. ఓర్మ్ రాసినదాంట్లో ఎవరి ఇష్టం ప్రసక్తీ లేదు. ఒకటి వినేవాళ్ళను ఉప్పొంగించడానికి చెప్పింది, ఒకటి ఎక్కడో కూర్చున్న పరాయివాడు రాసుకున్నది. నిజం ఈ రెంటి మధ్య ఏ గదిలో గొళ్ళెం పడి ఉందో!

"అందుకే మమ్మల్ని ఇళ్ళకి తోలీసేవాడన్నమాట మా నాన్న," అన్నారావిడ మెల్లగా. "భయపడతామని కాదు. అడుగుతామని."

ఆ మాటకు నాకు ఒళ్ళు జలదరించింది. అప్పుడు గుర్తొచ్చి ఇంకొక్క సంగతి చెప్పాను. అంతా అయిపోయాక, శవాల మధ్యనుంచి ఒక ముసలాయన ఒక పసివాణ్ణి నడిపించుకుంటూ వచ్చాడట. ఫ్రెంచి సేనాని లా దగ్గరికి తీసుకొచ్చి, వీడు రంగారాయుడి కొడుకు, తండ్రి ఆజ్ఞకు వ్యతిరేకంగా నేనే కాపాడానని ఒప్పుకున్నాడట. ఆ పిల్లవాడే చినరంగారాయుడు. తరవాత బొబ్బిలి సంస్థానం మళ్ళీ నిలబడింది అతని పేరు మీదనే. 1891లో యుద్ధం జరిగిన చోట స్తంభం నిలబెట్టిందీ ఆ సంస్థానమే. 1932లో బొబ్బిలి రాజా మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యారంటే, అదీ ఆ సంస్థానం పేరుతోనే.

అత్తగారు నిటారుగా లేచి కూర్చున్నారు. "పేరేటి ఆ ముసలోడిది?"

"రాయలేదు."

"రాయరు. రాజుగారి మాట విన్నవోళ్ళందరికీ పేర్లున్నాయి. ఇనని ఒక్కడికీ లేదు. ఆడు ఇనుంటే బొబ్బిలి ఏటయ్యేది?" అని నా చేయి పట్టుకున్నారు. "వెర్రిదానా, పాపారాయుడు పగ తీర్చాడు. ఊరు నిలబెట్టింది మాత్రం ఆ ముసలోడే."

పాపారాయుడు మూడో రాత్రి విజయరామరాజు గుడారంలో దూరి పొడిచిన ఘట్టం నాకూ ఇష్టమే. తెలుగు వాళ్ళెవరికి ఇష్టం కాదు? ఆ రోషం లేకపోతే పాటే లేదు. కానీ అందరూ చచ్చిపోయిన కోటలోంచి ఒక పసివాడి వేలు పట్టుకుని శత్రువుల ఎదటికి నడిచి రావడానికి ఎంత గుండె కావాలి! చావడానికి కావలసిన ధైర్యానికి తంబురలు మోగుతాయి. బతికించడానికి కావలసిన ధైర్యం చప్పుడు చేయకుండా పక్క సందులోంచి వెళ్ళిపోతుంది. మన ఇళ్ళల్లో మనం రోజూ చూసే ధైర్యం ఈ రెండో రకమే.

మర్నాడు కూరలకు వెళ్తూ మా పాత కాలేజీ గేటు ముందు ఆగాను. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం, చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తన చేతి పంట దేశ్‌ముఖ్ గడీకి పోకుండా అడ్డం నిలబడ్డ ఐలమ్మ. నిలబడింది, చావలేదు. 1985 దాకా బతికింది. ఆమె మీద పాటలున్నాయి. తుర్రెబాజ్ ఖాన్ శవాన్ని చూపించి ఊరిని బెదిరించిన రెసిడెన్సీకే ఆమె పేరు వచ్చిందంటే, పాటల్లో చోటు మెల్లమెల్లగా మారుతోందన్నమాటే. పుస్తకాలతను నన్ను చూసి, "పుస్తకం మంచిగుందా అమ్మా?" అని పలకరించాడు. "చివర లేదయ్యా," అన్నాను. "చివర లేకుంటెనే ముప్ఫైకి ఇచ్చిన," అన్నాడు.

ఈ వేసవి సెలవులకు మా మనవరాలు వచ్చింది. దానికి తొమ్మిదేళ్ళు. ముసలమ్మగారు స్టీలు డబ్బా మూత తీశారు. బొబ్బిలి కథ మూడు రాత్రులు చెప్పారు. మూడో రాత్రి ఎవర్నీ లోపలికి పంపలేదు. పొగా, కత్తులూ, కేకలూ అన్నీ చెప్పారు, చిన్నపిల్లకు చెప్పవలసిన మోతాదులో. నేను గుమ్మంలో నిలబడి భయపడుతూనే ఉన్నాను. చివర ఆవిడ తన సొంతంగా ఒక చరణం కట్టారు. అందులో ముసలాయన పిల్లవాడితో పొగలోంచి నడిచి వస్తాడు. అక్కడ దరువు ఆగదు, మెల్లగా పిల్లాడి అడుగుల్లా సాగుతుంది.

"ఆ తాత పేరేంటి?" అంది మనవరాలు.

మా అత్తగారు మూత బోర్లించి, దాని తల నిమిరారు.

"పేరు చెప్పుకునీవోడైతే, పిల్లణ్ణి కాపాడీవోడు కాడమ్మా."